అడ్డం మెషిన్ ఎంచిన బావగారు

షాపులో అందరూ ఆయన్ని బావగారు అనే పిలిచేవారు. యజమాని ఆయన భార్యకు తమ్ముడు. ఆ తమ్ముడు "బావా!" అని కేకేస్తుంటే విని విని, మొదట స్టోరు గుమాస్తా, తరవాత ఆపరేటర్లు, ఆఖరికి గేటు బయట టీ అమ్మే ఆవిడ కూడా అదే పిలుపు పట్టుకున్నారు. "ఇంతమంది బావమరుదుల్ని ఏ అల్లుడూ భరించి ఉండడు" అని ఆయన మొదట్లో నవ్వేవాడు. కొన్నేళ్ళకి నవ్వడం మానేశాడు. పలకడం మాత్రం మానలేదు.

ఆయన ఉద్యోగానికి ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి అని పేరు. పైనుంచి దిగే కోపానికీ కిందనుంచి ఎక్కే గొణుగుడికీ మధ్య మెట్టు లాంటిది ఆ ఉద్యోగం. రెండూ దాని మీదే కాలు పెట్టాలి. కుర్రతనంలో మామగారి రేకుల షెడ్డులో లేతు మెషిన్ మీద పనికి చేరాడు. మామగారు అతని పనితనాన్నీ, అంతకంటే ఎక్కువగా అతని మౌనాన్నీ చూసి పిల్లనిచ్చాడు. "తక్కువ మాట్లాడేవాడే మా అమ్మాయి దగ్గర నెగ్గుకొస్తాడు" అన్నాడట. మామగారు పోయాక షాపు బావమరిది చేతికొచ్చింది. లేతులు పోయి, కంప్యూటరు చెప్పినట్టు నడిచే నిలువు మెషిన్లు వచ్చాయి. షెడ్డు పోయి గోడలు లేచాయి. అన్నీ మారాయిగానీ, వాటిని మోసిన భుజాలు మాత్రం పాతవే. పొద్దున్నే చొక్కా తొడుక్కునేటప్పుడు కుడి చెయ్యి పైకి లేవక ఆయన ఒక నిమిషం అలా నిలబడిపోయేవాడు. భార్య చూసీ చూడనట్టు వచ్చి చొక్కా చెయ్యి పట్టుకునేది.

అక్కడ గేర్‌బాక్సు పెట్టెలు చేస్తారు. ఫౌండ్రీలో పోతపోసిన ఇనుప పెట్టె మోటుగా, గరుగ్గా వస్తుంది. దాని ముఖాలు చదును చెయ్యాలి, బోల్టులకి రంధ్రాలు వెయ్యాలి. అన్నిటికంటే కష్టమైనది, ఎదురెదురు గోడల్లో బేరింగులు కూర్చునే రెండు గుండ్రటి రంధ్రాలు, అంటే బోర్లు, ఒకే గీత మీద ఉండేలా తొలవడం. ఆ రెండింటి గుండా ఒకే ఇరుసు పోవాలి. మొగుడూ పెళ్ళాం అలిగినట్టు అవి చెరో దిక్కూ చూస్తే గేర్‌బాక్సు తిరిగినంతకాలం మూలుగుతూనే ఉంటుంది.

నిలువు మెషిన్‌కి కత్తి పైనుంచి దిగుతుంది. పైకి కనిపించే ముఖాన్ని మాత్రమే కోస్తుంది. రెండో పక్క కావాలంటే పెట్టె విప్పాలి, తిరగెయ్యాలి, తుడవాలి, మళ్ళీ బిగించాలి. షాపులో అలాంటి మెషిన్లు నాలుగు. సర్కారు ఆఫీసులో ఫైలు బల్ల బల్లకీ తిరిగినట్టు ప్రతి పెట్టే నాలుగు చోట్లా ఆగి, నలుగురి చేతుల్లో పడి బయటికొచ్చేది. బిగించిన ప్రతిసారీ వెంట్రుకంత తేడా. నాలుగు వెంట్రుకలు కలిసేసరికి బోర్లకి మెల్లకన్ను వచ్చేది.

ఇన్నాళ్ళూ ఆ మెల్లకన్నుతోనే ఎలాగో కాపురం నడిచింది. ఆ సంవత్సరం లిఫ్టులు తయారుచేసే కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరుతో వచ్చింది. మనుషులెక్కే లిఫ్టు కాబట్టి వాళ్ళ ఇన్‌స్పెక్టరు ప్రతి పెట్టెనీ పరీక్షించేవాడు. తిప్పికొట్టిన పెట్టెలు వెనక గోడ పక్కన గుట్టగా పేరుకున్నాయి. ఆ గుట్ట ముందునుంచి పోవలసొచ్చినప్పుడల్లా బావగారు అవతలి వైపు చూస్తూ నడిచేవాడు.

ఒక మధ్యాహ్నం బావమరిది తన గదిలోకి పిలిచి, తలుపేశాడు.

"బావా, ఇక లాభం లేదు. అడ్డం మెషిన్ కొనేద్దాం. హారిజాంటల్. ఒక్కసారి బిగిస్తే నాలుగు పక్కలూ అదే తిప్పుకుని కోసుకుంటుంది. నువ్వు చూసి ఏది మంచిదో చెప్పు. నేను సంతకం పెడతా."

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు? నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

పొగడ్త చెవికి ఇంపుగానే ఉంది. కానీ అన్నేళ్ళ అనుభవంలో బావగారికి ఒకటి బాగా తెలుసు. మెషిన్ బాగా నడిస్తే యజమాని కొన్న మెషిన్ అంటారు. నడవకపోతే బావగారు ఎంచిన మెషిన్ అంటారు. పైగా బల్ల మీద అప్పటికే ఒక రంగుల పుస్తకం తెరిచి ఉంది. అట్ట మీద తెల్లగా, కారులా మెరిసే మెషిన్ బొమ్మ. బావమరిది దాని అంచు నిమురుతున్న తీరు చూస్తే, పిల్లని చూసొచ్చి నచ్చిందని చెప్పలేక పెద్దల అభిప్రాయం అడుగుతున్న పెళ్ళికొడుకు గుర్తొచ్చాడు.

ఆయన ఆ పనిని తనకి తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. ప్రతిసారీ పోతపోసిన పచ్చి పెట్టె ఒకటి గోనెసంచిలో కట్టుకుని, ఎక్కడ మెషిన్ చూపిస్తామంటే అక్కడికి మోసుకెళ్ళాడు. "పుస్తకాలు ఎన్నయినా చెప్తాయి, మన పెట్టె కోస్తే అది చెప్పేది వేరు" అన్నాడు. భుజం వద్దన్నా వినలేదు.

రైల్లో టికెట్లు చూసేవాడు సీటు కింద సంచిని కాలితో నెట్టబోయి, కాలు పట్టుకున్నాడు.

"ఏముందండీ ఇందులో?"

"జాబు" అన్నాడు బావగారు. మెషిన్ షాపులో కోతకి వచ్చే ప్రతి వస్తువునీ జాబు అనే అంటారు. ఆయనకి వేరే మాట తోచలేదు.

"జాబా? ఎవరికి రాశారండీ, ఇంత బరువుగా?"

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. బావగారికీ నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

మొదటి చోటు బావమరిది మనసు పడ్డ తెల్ల మెషిన్ ఉన్న షోరూము. బావమరిది కూడా కారులో వచ్చాడు. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. ఇంజినీరు మర్యాదస్తుడు. మీట నొక్కాడో లేదో మెషిన్ అల్యూమినియం దిమ్మని వెన్నలా చెక్కేసింది. తళతళలాడే పొట్టు జల్లుగా కురిసింది. ఆ దిమ్మ కొలిమిలోంచి కాదు, గారడీవాడి చేతిలోంచి వచ్చినట్టుంది. బావమరిది కళ్ళు ఆ పొట్టుకంటే ఎక్కువ మెరిశాయి.

బావగారు సంచి విప్పాడు. "ఇది బిగిస్తారా?"

బిగించే పరికరం సిద్ధంగా లేదు, వారం ఆగి రమ్మన్నారు. వారానికి ఆయన ఒక్కడే మళ్ళీ సంచితో వెళ్ళాడు. ఈసారి మెషిన్ పాట మారింది. పోత ఇనుములో లోతుగా దిగేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంజినీరు వేగం తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. చివరికి పెట్టె బాగానే వచ్చింది. కానీ గుర్రాన్ని నాగలికి కట్టినట్టుంది.

"అల్యూమినియానికి దీన్ని మించింది లేదు సార్" అన్నాడు ఇంజినీరు. కాస్త ఆగి, "మీ ఇనుముకి కూడా… నడుస్తుంది" అన్నాడు. నిజాయితీపరుడు. ఆ "నడుస్తుంది" అన్నమాటే తిరుగు ప్రయాణం పొడుగునా బావగారి చెవిలో తిరిగింది.

రెండోది మూతపడ్డ కార్ఖానాలో ఉంది. పాత మెషిన్, అయినా గట్టి రకం. బ్యాంకువాళ్ళు అమ్మకానికి పెట్టారు. లోపల పెద్ద హాలు ఖాళీగా ఉంది. మెషిన్లు పీకేసిన చోట్ల నేల మీద నూనె మరకలు, బోల్టుల గుంటలు. మూలన ఒక్క అడ్డం మెషిన్ మాత్రం పట్టా కప్పుకుని నిలబడి ఉంది. దాని పక్కన స్టూలు మీద ఒక ఆపరేటరు ఆవిడ కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. కార్ఖానా నడిచినన్నాళ్ళూ ఆ మెషిన్ ఆవిడదే. కొనేవాళ్ళు వచ్చినప్పుడు నడిపి చూపించడానికి రోజుకూలికి పిలుస్తున్నారు.

ఆవిడ పట్టా తీసి, మెషిన్ ఆన్ చేసి, ఉత్తినే తిప్పుతూ నిలబడింది.

"కాస్త వేడెక్కనివ్వండి అన్నయ్యగారూ. పొద్దున్నే లేపగానే పని చెప్తే ఎవరికైనా చిరాకే కదా."

బావగారు సంచి దించి, విప్పి, మెడ తుడుచుకున్నాడు. ఆవిడ ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. వేలితో రెండు బోర్లూ తడిమింది.

"మీకు ఈ రెండూ ఒకే గీత మీద రావాలి. అవునా?"

"అదే మా గోల."

"అయితే ఇది మీకు పనికిరాదు" అందావిడ.

బావగారు తెల్లబోయాడు.

"ఒక బోరు కోశాక పెట్టె బిగించిన బల్ల సగం చుట్టు తిరగాలి కదా, రెండోవైపు కొయ్యడానికి. ఈ బల్ల అరిగిపోయింది. తిరుగుతుందిగానీ సరిగ్గా ఆగవలసిన చోట ఆగదు. మాకు మూతలు, పలకలు కోసే పని, కాబట్టి తేడా తెలిసేది కాదు. మీకు తెలుస్తుంది. తేడా కొలిచే డయల్ పెట్టి చూసుకోండి, నా మాట మీద పోవద్దు."

డయల్ పెట్టి చూశాడు. బల్ల సగం తిరిగి వచ్చింది. ముల్లు వెళ్ళవలసిన చోటికి కాక పక్కింటికి వెళ్ళింది. మళ్ళీ తిప్పారు. ఈసారి ఇంకో ఇల్లు.

"ఈ మాట నాకెందుకు చెప్పావమ్మా? అమ్ముడుపోవడమే కదా మీకు కావలసింది?"

"అమ్ముడుపోతే నాకు ఈ కూలీ కూడా పోతుంది అన్నయ్యగారూ" అని నవ్వింది. తరవాత నవ్వు లేకుండా అంది, "దీన్ని తీసుకెళ్ళి, పని చెయ్యట్లేదని మీరు తిడుతుంటే… అదెందుకు? ముసలితనంలో మాట పడటం ఎందుకు దీనికి?"

ఇద్దరూ ఆ ఖాళీ హాల్లో కాసేపు మెషిన్ చల్లారేదాకా కూర్చున్నారు. ఆవిడ తన డబ్బాలోంచి మంచినీళ్ళు పోసిచ్చింది. భర్త ఎక్కడో డ్రైవరు, అత్తగారు మంచం మీద ఉంది, ఈ పని ఆగాక ఒక బట్టల కొట్లో చేరిందట, నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయట. "ఇక్కడా నిలబడే పనే కదా" అన్నాడాయన. "ఇక్కడ నిలబడితే ఒక పని అయ్యేది. అక్కడ ఒక చీర కోసం నలభై విప్పి, ఆ నలభై మళ్ళీ మడవాలి" అందావిడ. వెళ్ళేటప్పుడు సంచి ఒక కొస ఆవిడే పట్టుకుని గేటుదాకా వచ్చింది.

మూడోది చూడటానికి వెళ్ళేనాటికి ఆయన ఒళ్ళు హూనమైపోయింది. బస్సు, మళ్ళీ బస్సు, దిగాక ఆటో. ఆ మోడలు మెషిన్ వాడుతున్న షాపు ఒకటి ఉందంటే అమ్మేవాళ్ళతో చెప్పించుకుని నేరుగా ఆ షాపుకే వెళ్ళాడు. మెషిన్ చూడగానే ప్రాణం ఉసూరుమంది. బూడిదరంగు, బండ ఆకారం, పెద్ద ఎద్దు పడుకున్నట్టుంది. పరుగు తక్కువ. కానీ కత్తి పట్టుకునే భాగం పెద్దది, బలమైనది. ఆయన తెచ్చిన పెట్టెలో కత్తి దిగినప్పుడు గొంతు మారలేదు. ఆవులించినట్టు ఒక్క శబ్దం చేసి, ఇనుము తోసుకుంటూ పోయింది. లోపల ఒకటి కోస్తుండగా బయట రెండో బల్ల ఖాళీగా ఎదురుచూస్తోంది. దాని మీద ఇంకో పెట్టె బిగించుకోవచ్చు. పని కాగానే రెండు బల్లలూ వాటంతటవే చోటు మార్చుకున్నాయి.

ఆ షాపు యజమాని లావుపాటి మనిషి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూనే మాట్లాడాడు.

"మెషిన్ మంచిదేనండీ. కానీ ఒక దరిద్రం ఉంది, చెప్పేస్తా. ఇనప పొట్టు, కత్తిని చల్లార్చే నీళ్ళలో కలిసి నల్లటి బురదవుతుంది. ఆ బురద, పొట్టుని బయటికి తోసే కన్వేయరులో పేరుకుంటుంది. వారానికోసారి ఎవడో ఒకడు లోపలికి దిగి ఎత్తిపొయ్యాలి. ఎత్తిపొయ్యకపోతే అది మిమ్మల్ని ఎత్తిపోస్తుంది."

"బాగుచేసేవాళ్ళు?"

"పిలిస్తే వస్తాడండీ. విసుక్కుంటూ వస్తాడు, కానీ వస్తాడు."

లోపం దాచకుండా చెప్పిన మనిషి చెప్పిన మంచిని నమ్మొచ్చు అనుకున్నాడు బావగారు. కోసిన పెట్టె కొలిపించాడు. రెండు బోర్లూ ఒకదాన్నొకటి సూటిగా చూసుకుంటున్నాయి. ఆయన ఆ బోర్లలోంచి అవతలి కిటికీని చూశాడు. గుండ్రంగా, నిండుగా కనిపించింది. సంతోషపడే ఓపిక కూడా లేక, తిరుగు బస్సు ఎప్పుడుందని అడిగాడు.

బావమరిదితో మాట తేలేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

"అది ఎద్దులా ఉంది బావా. పరుగు చూశావా? తెల్లదాంట్లో సగం కూడా లేదు."

"మనది పరుగుపందెం కాదు బాబూ. బరువు లాగడం."

"రేపు అల్యూమినియం పని వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం. గోడ పక్కనున్న గుట్ట ఇవాళే వచ్చింది."

బావమరిది కుర్చీలో వెనక్కి వాలి, పై కప్పు చూశాడు. "సరే. నీ మాటే కానీ. అయితే తేడా వస్తే పూచీ నీదే."

"ఎప్పుడు కాదు?" అన్నాడు బావగారు. ఎత్తిపొడుపుగా అనలేదు, అలవాటుగా అన్నాడు. బావమరిది ఒక క్షణం ఆయన ముఖం వంక చూసి, పెన్ను తీశాడు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. మెషిన్‌ని ఎంచితే అయిపోలేదు, దాని ముందు నిలబడే మనిషిని కూడా ఎంచాలి. షాపులో అందరికంటే సీనియరు ఆపరేటరు ఒకాయన ఉన్నాడు. నోరు మూతపడదు కాబట్టి అందరూ ఆయన్ని సైలెంటు అంటారు. బావగారితో పాటే లేతు మీద చేరాడు. సాయంత్రం షాపు వదిలాక ఇద్దరూ రైలు గేటుదాకా కలిసి నడిచేవారు. సైలెంటు మాట్లాడేవాడు, బావగారు వినేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. కొత్త మెషిన్ వస్తుందన్న మాట పుట్టినప్పటినుంచీ అది తనదేనని సైలెంటు లెక్క. ఆ లెక్క తప్పని బావగారు ఎప్పుడూ అనలేదు.

అయితే అడ్డం మెషిన్‌లో పెట్టెల్ని ఒక నిలువు ఇనప దిమ్మకి నాలుగు పక్కలా బిగిస్తారు. దాన్ని ఈ వృత్తిలో సమాధి రాయి అంటారు, ఆకారం అలా ఉంటుందని. నిలువు మెషిన్‌లో పొరపాటు చేస్తే ఒక పెట్టె పోతుంది. ఇక్కడ పొరపాటు చేస్తే రాయి చుట్టూ ఉన్నవన్నీ పోతాయి. ఎవరైనా తెలిసినవాళ్ళు మొదట నడిపి, నేర్పితే తప్ప అయ్యే పని కాదు. బావగారు ఆ మూతపడ్డ కార్ఖానా ఆవిడకి ఫోను చేశాడు. ఆవిడ రెండు రోజులు ఆలోచించి, అత్తగారికి మనిషిని కుదుర్చుకుని, వస్తానంది.

ఈ సంగతి సైలెంటుకి తనే చెబుదామనుకున్నాడు. రేపు, రేపు అనుకుంటుండగానే స్టోరు గుమాస్తా నోటంట పడిపోయింది.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర సైలెంటు ఆపాడు.

"బయటినుంచి ఎవరో వస్తున్నారట?"

"నేర్పడానికి. కొన్నాళ్ళు ఆవిడ నడుపుతుంది, పక్కన నువ్వుంటావు. తరవాత నీదే."

"అంటే ఈ వయసులో నేను మళ్ళీ ఒకరి వెనకాల నిలబడాలన్నమాట."

"అది నీ పనితనం తక్కువని కాదురా…"

"ఆ మాట నువ్వు ముందొచ్చి చెప్పుంటే, కాదనే అనుకునేవాణ్ణి."

అంతే. ఎప్పుడూ నూరు మాటలనే మనిషి ఆ రోజు ఆ కాసిని మాటలతో ఊరుకున్నాడు. ఆ సాయంత్రం బావగారు గేటు దగ్గర కాసేపు నిలబడి, ఒక్కడే నడిచాడు. ఇన్నేళ్ళుగా ఆ దారి అంత పొడుగని ఆయన గమనించలేదు.

ఇంట్లో చెబితే భార్య అంది, "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మీరేమో రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు."

"మీ తమ్ముడు పెట్టినవే కదా."

"మా తమ్ముడు పెడితే మాత్రం? లేచి దులుపుకోవచ్చుగా!"

మెషిన్ వచ్చిన రోజు గుమ్మం చాలక గోడ బద్దలుకొట్టారు. దాన్ని దించి, మట్టం చూసి, నేలకి కరిపించేసరికి అందరి ప్రాణాలూ పోయాయి. ఆపరేటరు ఆవిడ టిఫిను డబ్బా పట్టుకుని వచ్చి, మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "నాకు తెలిసిన ముఖమే" అంది. ఆ మాట విని మిగతావాళ్ళకి కాస్త ధైర్యం వచ్చింది.

మొదటి నెలలు నరకమే. పొద్దున ఒక అలారం, సాయంత్రం ఇంకోటి. లావుపాటాయన చెప్పిన బురద చెప్పినట్టే వచ్చింది. చెప్పనిదొకటి కూడా వచ్చింది. కొత్త మెషిన్ మీద కూడా బోర్లు చెరో దిక్కూ చూశాయి. బావమరిది షాపులోకొచ్చి, అందరి ముందూ, "ఇదేనా బావా నువ్వు ఎంచింది?" అన్నాడు. బావగారు పానా అందుకున్నాడు. ఆవిడా, ఆయనా కలిసి మెషిన్‌ని ముక్కముక్కగా అనుమానించారు. బల్ల చూశారు, బాగానే ఉంది. కత్తి చూశారు, బాగానే ఉంది. రోజులు గడుస్తున్నాయి. చివరికి తప్పు సమాధి రాయిలోనే దొరికింది. పెట్టె ఆనుకునే పిన్ను ఒకటి వదులుగా ఉంది. బిగించినప్పుడల్లా పెట్టె కాస్త పక్కకి ఒరుగుతోంది. పిన్ను మార్చారు. ఆ పిన్ను కనిపెట్టింది సైలెంటు. ఎవరితోనూ చెప్పకుండా వచ్చి, సుత్తి పిడితో పెట్టెని తట్టి, ఆ చప్పుడు విని, "ఇక్కడ ఊగుతోంది" అని ఆవిడతో అన్నాడు. బావగారు పక్కనే ఉన్నాడు. ఆయనతో అనలేదు.

తరవాత పెట్టెలు సరిగ్గా రావడం మొదలైంది. లిఫ్టు కంపెనీ ఇన్‌స్పెక్టరు కొలిచాడు, ముద్ర కొట్టాడు, టీ తాగి వెళ్ళాడు. ఇన్నాళ్ళ యాతనకి వచ్చిన బహుమతి ఆ మౌనమే. గోడ పక్కన గుట్ట కరిగించడానికి ఫౌండ్రీకి పోయింది. నిలువు మెషిన్లు రెండు అమ్మేశారు. ఎవర్నీ పొమ్మనలేదు. కానీ తన మెషిన్ పోయాక చెయ్యడానికి తోచక ఒక ఆపరేటరు తనంతట తనే వేరే షాపుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు బావగారి చేతులు పట్టుకుని "మీ తప్పేం లేదండీ" అన్నాడు. తప్పని ఎవరూ అనకముందే ఆ మాట అనడం ఆయనకి ఇంకా బాధనిపించింది.

సైలెంటు పని నేర్చుకున్నాడు. రెండో షిఫ్టు ఆయనకిచ్చారు. ఆవిడ మొదటి షిఫ్టు. ఇద్దరూ మెషిన్ అప్పజెప్పుకునేటప్పుడు నవ్వుకుంటూ మాట్లాడుకునేవారు. సైలెంటు నోరు మళ్ళీ తెరుచుకుంది, బావగారి దగ్గర తప్ప. ఆయనతో "కత్తి మార్చాలి", "నూనె తక్కువుంది" అనేవాడు. అందులో కోపం లేదు. కోపమైనా ఉంటే బావుండునని బావగారికి అనిపించేది. షిఫ్టులు వేరయ్యాయి కాబట్టి కలిసి నడిచే దారి కూడా లేకుండాపోయింది. దానికదే ఒక సాకుగా ఇద్దరికీ సరిపోయింది.

ఇంకొక సంగతి ఎవరూ ఊహించలేదు. పాత మెషిన్లు పెట్టె పెట్టెకీ ఆగేవి. ఆ ఆగినంతసేపూ మనుషులకి ఊపిరి ఉండేది. టీ తాగేవారు, పిల్లల చదువుల మాటలు చెప్పుకునేవారు. ఈ అడ్డం మెషిన్ ఆగదు. లోపల కోస్తుంటే బయట బల్ల ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటుంది. ఎంత పెట్టినా తింటుంది. భుజాల మీద బరువు తగ్గింది, నిజమే. ఇప్పుడు బరువు కళ్ళ మీదా, మనసు మీదా పడింది.

ఎద్దు బాగా లాగుతుండటం చూసి బావమరిది ముఖం విప్పారింది. వచ్చినవాళ్ళందరికీ "నేను కొన్న మెషిన్" అని చూపించేవాడు. ఒకరోజు బావగారిని గదిలోకి పిలిచి, ఇంకో రంగుల పుస్తకం తెరిచాడు.

"రెండోది కొందాం బావా. ఈసారి నువ్వు ఎలా అంటే అలా. ఏమీ అడ్డు చెప్పను."

బావగారు పుస్తకం వంక చూశాడు. చెయ్యి దాని మీద వెయ్యలేదు.

"నా వల్ల కాదు బాబూ."

"అదేంటి బావా? మొదటిది ఇంత బాగా ఎంచావు కదా!"

"అందుకే. ఆవిణ్ణీ, సైలెంటునీ తీసుకెళ్ళు. నడిపేది వాళ్ళు. వాళ్ళు చూసొచ్చి చెప్తారు. నేను ఇక్కడ షాపు చూస్తాను."

మామగారు పిల్లనిచ్చిన నాటినుంచీ ఆ ఇంట్లో ఆయన కాదన్నది బహుశా అదే మొదలు. బావమరిదికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. "ఏంటి బావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు చివరికి.

"బానే ఉంది. అలిసిపోయాను."

ఆ మాట పైకి అన్నాక, అది అంత చిన్న మాటా అనిపించింది ఆయనకి.

బావమరిది, ఆవిడ, సైలెంటు ముగ్గురూ రెండో మెషిన్ చూడటానికి కారులో వెళ్ళిన రోజున షాపులో ఒక ఆపరేటరు రాలేదు. మిగిలిన నిలువు మెషిన్లలో ఒకటి ఖాళీగా ఉంది. బావగారు చొక్కా చేతులు మడిచి తనే దాని ముందు నిలబడ్డాడు. పెట్టె ఎత్తి పెట్టడం, బిగించడం, కోశాక విప్పి తుడవడం. భుజం మూలిగింది. కానీ ఒక్క పెట్టె గురించి మాత్రమే ఆలోచించి ఎన్నాళ్ళయిందో! మధ్యలో మెషిన్ ఆగినప్పుడు టీ ఆవిడ గ్లాసు తెచ్చిచ్చింది. అది చల్లారకుండానే తాగాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో వాలాడు. భార్య వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏంటి, ఇవాళ ముఖం కాస్త తేటగా ఉంది?"

"ఇవాళ ఏదీ ఎంచలేదు."

ఆవిడ రెండు చేతుల్లో రెండు కూరగాయలు పైకెత్తి చూపించింది. "సరే, ఏది వండమంటారు?"

"నీ ఇష్టం."

"అదీ ఎంచరా?"

"అదీ ఎంచను" అని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఇంకేదో అంది. అది వినేలోపలే ఆయనకి నిద్ర పట్టేసింది.